ఆ మూడు రాత్రుల లెక్క ఎవరు చెప్తారు?

పోయిన నెలలో ఒక సాయంత్రం బడి వదిలినాక ఒక అవ్వ వచ్చి మా బడి వరండాలో కూర్చున్నది. మాదిగ గేరి ఆమె. మనవడు బెలుం గుహల దాపున నాపరాయి గనిలో కూలి. ఇరవై ఏండ్లు నిండలేదు. గనిలో మోటారు పోయిందని యజమాని స్టేషన్లో చెప్పినాడు. గురువారం సాయంత్రం కూలి పంచేటప్పుడు జీపు వచ్చింది, పిల్లోణ్ణి ఎక్కించుకొని పోయింది. అవ్వ నా దగ్గరికి వచ్చింది శనివారం. “సారూ, హైకోర్టులో ఏందో కాగితం ఏస్తే మనిషిని తెచ్చి జడ్జి ముందర నిలబెడతారంట గదా, ఆ కాగితం నువ్వు రాసీ” అన్నది.

ఆ కాగితం పేరు హెబియస్ కార్పస్. పేరు నోరు తిరగకపోయినా అర్థం అవ్వ చెప్పిందే. నీ దగ్గర వున్న మనిషిని కోర్టుకు తీసుకురా, ఏ చట్టం కింద పట్టుకున్నావో చెప్పు, చెప్పలేకపోతే వదిలిపెట్టు. అంతే.

ఆ రాత్రి కూర్చుని రాసినాను. ఆదివారం పొద్దున నంద్యాలలో తెలిసిన వకీలుకు ఫోను చేస్తే ఆయన, “మాస్టారూ, ఇప్పుడే మేజిస్ట్రేటు గారి ఇంటి కాడ హాజరు పెట్టినారు. రిమాండు అయింది. పిల్లోడు కనపడినాడు గదా, ఇంకేం పిటిషను?” అన్నాడు. రిమాండు రిపోర్టులో ఏముంది? ఆదివారం తెల్లవారి 6 గంటలకు బస్టాండు కాడ అనుమానంగా తిరుగుతుంటే అరెస్టు చేసినామని వుంది. గురువారం రాత్రి లేదు. శుక్రవారం రాత్రి లేదు. శనివారం రాత్రి లేదు. ఆ మూడు రాత్రులు మన దేశంలో జరగనే లేదు.

స్టేషను పేరు నేను రాయడం లేదు. రాయనక్కర్లేదు కూడా. చదివే మీలో చాలామందికి ఇలాంటి స్టేషను ఒకటి తెలుసు.

నాకు 1993 నుంచే తెలుసు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. మా నాయనను రెడ్డిగారి కొట్టంలో వడ్ల మూటలు పోయినాయని తీసుకుపోయినారు. మా అమ్మ సద్ది మూట కట్టి పంపితే నేను స్టేషను బయట వేపచెట్టు కింద కూర్చునేవాణ్ణి. మూడో నాడు మూటలు ఇంకెక్కడో దొరికినాయి, నాయనను పొమ్మన్నారు. ఎక్కడా ఆయన పేరు రాయలేదు. కేసు లేదు, అరెస్టు లేదు, విడుదల కూడా లేదు. ఆయన చనిపోయేదాకా కుడి చెయ్యి భుజం పైకి లేవలేదు. ఏ కాగితమూ లేని మనిషి ఏ కోర్టుకు పోతాడు?

ఈ సంచికలో ఈ విషయమే రాయాలనుకున్నాను. హెబియస్ కార్పస్ గొప్పది, ప్రాణం నిలబెట్టేది అని పుస్తకాల్లో రాస్తారు. నిజమే. అయితే మన కోర్టులు ఆ పిటిషన్ను నడిపే తీరులో ఒక అలవాటు పాతుకుపోయింది. మనిషి కనపడంగానే ఫైలు మూసేస్తారు. “హాజరుపరిచినారు గనక విచారించడానికి ఏమీ లేదు.” నడుమ పోయిన రోజుల సంగతి ఎవరూ అడగరు. పోలీసులకు ఇది బాగా తెలుసు. పిటిషను పడిందని వినంగానే మనిషిని రిమాండుకు పంపిస్తారు. అప్పుడు పిటిషను తప్పు చేసినవాణ్ణి పట్టుకునేది కాకుండా, తప్పును సర్దుకొమ్మని వాడికి ముందే చెప్పే కబురు అయిపోతుంది.

ఈ అలవాటుకు మూలం వెతుకుతూ పోతే ఒక కొస మన విశాఖపట్నం జైలు కాడ తేలుతుంది. నక్సల్బరీ నాయకుడు కానూ సన్యాల్ పార్వతీపురం కుట్ర కేసులో ముద్దాయిగా విశాఖ సెంట్రల్ జైల్లో వుండి సుప్రీంకోర్టుకు హెబియస్ కార్పస్ పిటిషను పంపినాడు. మొదట తనను డార్జిలింగ్ జైల్లో పెట్టిందే చెల్లదని ఆయన వాదన. సుప్రీంకోర్టు 1973, 1974లలో ఇచ్చిన తీర్పుల్లో రెండు సంగతులు తేల్చింది. ఒకటి, పిటిషను వినడానికి మనిషిని కోర్టుకు తెచ్చి చూపాల్సిన పని లేదు. రెండు, మొదట పెట్టిన నిర్బంధం మంచిదా చెడ్డదా అన్నది ఇప్పుడు చూడనక్కర్లేదు, ఇప్పుడున్న నిర్బంధానికి చట్టం వుందా లేదా అన్నదే చూడాలి. సన్యాల్ రాజకీయాలతో మనకు ఒప్పుదల వుందా లేదా అన్నది వేరే మాట. ఆ రెండో సంగతిని మాత్రం అప్పటి నుంచి కింద మీద ప్రతి స్టేషనూ వాడుకుంటున్నది. నిన్నటి దొంగతనాన్ని ఈ పొద్దు రసీదు మాఫీ చేస్తుంది!

అట్లాగని కోర్టు ఎప్పుడూ అట్లాగే చేసిందా అంటే అదీ కాదు. బీహార్లో రుదుల్ సా అనే మనిషి వుండేవాడు. 1968 జూన్ 3న కోర్టు ఆయనను నిర్దోషి అని తేల్చింది. జైలు మాత్రం వదల్లేదు. పద్నాలుగేండ్లు! సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను పడినాక, విచారణకు రాకముందే 1982 అక్టోబరు 16న గుట్టుచప్పుడు కాకుండా బయటికి పంపినారు. “వదిలేసినాం గదా, ఇంకేముంది” అని ప్రభుత్వం అన్నది. అదే మాట, చూడండి. మన నంద్యాల వకీలు నోట్లో వచ్చిందీ ఆ మాటే. అయితే 1983లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మనిషి బయటికి వచ్చినా పోయిన ఏండ్లకు జవాబు చెప్పాలన్నది. అంతకు ముందే ఇచ్చిన 5,000 కాక ఇంకో 30,000 రూపాయలు ఇమ్మన్నది. ఇట్లాంటి పిటిషనులోనే నష్టపరిహారం ఇప్పించడానికి దారి పడింది అక్కడే.

రెండేండ్ల తర్వాత జమ్మూ కాశ్మీర్ ఎమ్మెల్యే భీమ్ సింగ్‌ను అసెంబ్లీకి పోనీయకుండా దారిలో పట్టుకొని కొన్ని రోజులు ఎక్కడ పెట్టినారో తెలియకుండా చేసినారు. భార్య పిటిషను వేసింది. సుప్రీంకోర్టు 1985లో ఆయనకు 50,000 రూపాయలు ఇప్పించింది. మంచిదే, ఇప్పించాల్సిందే. లెక్కల మాస్టారును కాకపోయినా ఒక లెక్క అడుగుతాను. పేదవాడి పద్నాలుగేండ్లకు 35,000, ఎమ్మెల్యే వారం రోజులకు 50,000 అయితే, గని కూలి మూడు రాత్రులకు ఎంత?

బాబాసాహెబ్ ఈ విషయం మీద ఎంత తిప్పలు పడినాడో మన వాళ్లకే సరిగ్గా తెలియదు. రాజ్యాంగ సభలో ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే అధికరణం నుంచి “సక్రమమైన న్యాయ ప్రక్రియ” అన్న మాట తీసేసి “చట్టం పెట్టిన ప్రక్రియ” అని మార్చినారు. అంటే చట్టసభ ఏ చట్టం చేస్తే అదే న్యాయం. ఆ బొక్కను కొంతైనా పూడ్చాలని 1949 సెప్టెంబరులో ఆయన కొత్త అధికరణం పట్టుకొచ్చినాడు. అదే ఇప్పటి 22. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, వకీలును పెట్టుకోనివ్వాలి, ప్రయాణం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందర నిలబెట్టాలి. ఈ 24 గంటల మాట అక్కడి నుంచే వచ్చింది. హక్కుకు భంగం కలిగితే నేరుగా సుప్రీంకోర్టుకు పోయే 32వ అధికరణాన్ని రాజ్యాంగానికి ఆత్మ, గుండె అన్నది కూడా ఆయనే.

గౌరవంతోనే ఇంకో మాట కూడా చెప్పాలి. అదే 22లో కింది భాగం చదవండి. ముందుజాగ్రత్త నిర్బంధం కింద పట్టుకున్న మనిషికి 24 గంటల హక్కు లేదు, వకీలు హక్కు లేదు. ఒకే అధికరణం పై సగం తలుపు తీసింది, కింది సగం గొళ్లెం పెట్టింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చి నెల తిరక్కుండానే 1950 ఫిబ్రవరిలో నిర్బంధ చట్టం వచ్చింది. ఆ మే నెలలోనే ఎ.కె. గోపాలన్ పిటిషనును సుప్రీంకోర్టు కొట్టేసింది.

తర్వాతి కథ పెద్దవాళ్లకు గుర్తుండే వుంటుంది. ఎమర్జెన్సీలో మీసా కింద పట్టుకున్న వాళ్లు హైకోర్టుల్లో హెబియస్ కార్పస్ వేసినారు. అనేక హైకోర్టులు వింటామన్నాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు వినడానికి వీల్లేదని తీర్పు చెప్పింది. అయిదుగురు జడ్జీల్లో ఒక్క హెచ్.ఆర్. ఖన్నా మాత్రం కాదన్నాడు, ఆ తర్వాత ప్రధాన న్యాయమూర్తి కావాల్సిన వరసలో వుండి కూడా కాలేదు. ఎమర్జెన్సీలో సైతం 21వ అధికరణాన్ని ఆపకూడదని 1978లో 44వ సవరణ చేసుకున్నాం. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టు ఒప్పుకొని కొట్టేసింది 2017లో. నలభై ఒక్క ఏండ్లు పట్టింది.

ఎమర్జెన్సీ పోయింది గదా అంటారు. 2020 చూడండి. హత్రాస్‌లో మన దళిత బిడ్డను చంపితే ఆ వార్త రాయడానికి పోతున్న కేరళ విలేకరి సిద్దిక్ కప్పన్‌ను అక్టోబరు 5న దారిలో పట్టుకున్నారు. మరునాడే విలేకరుల సంఘం సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ వేసింది. అలహాబాదు హైకోర్టుకు ఎందుకు పోలేదని ప్రధాన న్యాయమూర్తి బాబ్డే అడిగినాడు. 32 కింద వచ్చే పిటిషన్లను తగ్గించాలనుకుంటున్నామని కూడా అన్నాడు. గుండె అన్నది దాన్నే గదా! కప్పన్ జైలు నుంచి బయటికి వచ్చింది 2023 ఫిబ్రవరి 2న. ఆ 2020 నవంబరులోనే టీవీ పెద్దమనిషి అర్నబ్ గోస్వామిని 4న అరెస్టు చేస్తే 11న సుప్రీంకోర్టు బెయిలిచ్చి పంపింది. ఆయనకు ఇవ్వడం తప్పని అనను. వారంలో చేయగలిగిన పని వారంలో చేసినారు. అందరికీ ఆ వారమే కావాలని అడుగుతున్నాను.

మన తెలుగు నేల మీద 1980, 90 ఏండ్లలో ఈ పిటిషను ఇంకో రకంగా ఓడిపోయేది. పోలీసులు మనిషిని తీసుకుపోతారు. తల్లో భార్యో ఏడుస్తూ హైదరాబాదు పోయి కన్నబిరాన్ గారి లాంటి పౌరహక్కుల వకీళ్ల చేత పిటిషను వేయిస్తారు. పోలీసులు “మా దగ్గర లేడు” అని అఫిడవిటు వేస్తారు. లేడన్నారు గనక తెచ్చి చూపమనడం ఎట్లా? ఫైలు మూత. కొన్నాళ్లకు ఏదో అడవిలో ఎన్‌కౌంటరు అని పేపర్లో వస్తుంది. “శరీరాన్ని తీసుకురా” అన్న మాటకు అంత ఘోరమైన అర్థం మన దగ్గర వచ్చింది. వరంగల్లులో లెక్కలు చెప్పే మాస్టారుగా వున్న బాలగోపాల్ ఇవన్నీ చూసి చూసి చివరికి తనే నల్లకోటు వేసుకున్నాడు. మా మాస్టర్ల జాతికి ఆయన పేరు చెప్పుకోవడం నాకు ఇష్టం.

ఆ “లేడు” అన్న జవాబును కోర్టు నమ్మి తీరాలని రూలేమీ లేదు. మణిపూర్‌లో ఇద్దరు ఊరి మనుషులను సైన్యం తీసుకుపోయి, వాళ్లు మా దగ్గర నుంచి వెళ్లిపోయినారని చెప్పింది. 1984లో సెబాస్టియన్ హోంగ్రే కేసులో సుప్రీంకోర్టు ఆ మాట నమ్మలేదు. ఇద్దరి భార్యలకూ చెరి లక్ష రూపాయలు కట్టించింది. కోర్టు అనుకుంటే అఫిడవిటు వెనక్కు తొంగి చూడగలదు.

ఈ తొంగి చూడడం మీదే అమెరికాలో ఒక పెద్ద కేసు నడిచింది, మన వాడలు తెలుసుకోవాల్సిన కేసు. అర్కాన్సా రాష్ట్రంలో ఎలైన్ అనే ఊరి చుట్టూ నల్లజాతి కౌలు రైతులు పత్తి పండించేవాళ్లు. పంట తెల్ల భూస్వామి అమ్ముతాడు, లెక్క తెల్ల భూస్వామే రాస్తాడు, ఏడాది చివర బాకీ మాత్రం నల్లవాడికి మిగులుతుంది. మన పాలేరు లెక్క లాంటిదే. 1919లో వాళ్లు సంఘం పెట్టుకొని ఒక చర్చిలో కూడినారు. కాల్పులు జరిగినాయి. తర్వాత తెల్లవాళ్ల గుంపులు, సైన్యం కలిసి నల్లవాళ్లను వేటాడినారు. చంపిన వాళ్ల మీద కేసుల్లేవు. బతికిన నల్లవాళ్లలో పన్నెండు మందికి ఉరిశిక్ష పడింది. కోర్టు చుట్టూ గుంపు, విచారణ ముప్పావు గంట, జ్యూరీ లోపలికి పోయి అయిదు నిమిషాల్లోపే తిరిగొచ్చింది. కారంచేడు, చుండూరు చూసిన వాళ్లకు ఇది వేరే దేశం కథ అనిపించదు.

రాష్ట్ర కోర్టు కాగితాలు చూస్తే అన్నీ సక్రమం. విచారణ జరిగింది, జ్యూరీ వుంది, వకీలు వున్నాడు, తీర్పు వుంది. బానిసగా పుట్టి వకీలైన సిపియో జోన్స్ వాళ్ల తరఫున పోరాడినాడు. ఫెడరల్ కోర్టు, అంటే అక్కడి కేంద్ర కోర్టు, హెబియస్ కార్పస్ కింద వినాలని అడిగినారు. 1923లో మూర్ వర్సెస్ డెంప్సీ అనే కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకున్నది. విచారణ అంతా ఒక ముసుగు అయితే, కాగితాలు బాగున్నాయని కేంద్ర కోర్టు చేతులు కట్టుకొని కూర్చోకూడదు, లోపల ఏం జరిగిందో తనే వినాలి అన్నది. 1925 నాటికి పన్నెండు మందీ బయటికి వచ్చినారు. ఒక్కరినీ ఉరి తీయలేదు.

ఆ తలుపు తర్వాత కాలంలో ఇంకా తెరుచుకున్నది. జైళ్ల నుంచి ఖైదీలు సొంత చేత్తో రాసిన పిటిషన్లు కేంద్ర కోర్టులకు వెల్లువగా వచ్చినాయి. అప్పుడు దొరలకు కష్టం తోచింది. 1996లో చట్టం చేసి తలుపు సగం మూసినారు. రాష్ట్ర కోర్టుల్లో కేసు ముగిసినాక ఏడాది లోపల వేయాలి, దాటితే లేదు. రాష్ట్ర కోర్టు తీర్పు తప్పయితే చాలదు, బుద్ధున్న ఏ జడ్జీ ఇవ్వలేనంత తప్పు కావాలి. మళ్లీ మాట కాగితానికే వచ్చింది. అక్కడి జైళ్లలో ఎవరు ఎక్కువ? జనాభాలో తమ వాటాకు మించి నల్లవాళ్లు.

ఇక్కడ? 2022 చివరన దేశం జైళ్లలో 5,73,220 మంది వుంటే అందులో 4,34,302 మంది ఇంకా శిక్ష పడని వాళ్లు. నలుగురిలో ముగ్గురు. వాళ్లలో దాదాపు అయిదో వంతు ఎస్సీలు. మన జనాభా ఆరో వంతు. లోపలికి పోయినాక కూడా కులం వదలదు. ఎవరు వండాలి, ఎవరు పాయఖానా కడగాలి అని జైలు మాన్యువళ్లలోనే కులం రాసి పెట్టినారు. సుకన్యా శాంత అనే విలేకరి పిటిషను వేస్తే 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ రూళ్లను కొట్టేసింది. సంచార జాతుల వాళ్లను పుట్టుకతో నేరస్తులుగా చూసే రాతలూ ఆ మాన్యువళ్లలో వున్నాయి. నేరస్త జాతుల చట్టాన్ని రద్దు చేసింది 1952లో. ఆత్మకూరు దిక్కున సిద్ధాపురం సెటిల్‌మెంటు పేరు విన్న మన ఎరుకల సోదరులకు ఆ సంగతి నేను చెప్పనక్కర్లేదు.

ఇంక పీడీ యాక్టు. 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన ఒకటో నెంబరు చట్టం, తర్వాత తెలంగాణకు కూడా పోయింది. సారా కాచేవాళ్లు, దోపిడీగాళ్లు, మత్తు మందుల వాళ్లు, గూండాలు, వ్యభిచారం నడిపేవాళ్లు, భూకబ్జాదారులు. వీళ్లను కేసు తేలకుండానే కలెక్టరు గానీ పోలీసు కమిషనరు గానీ ఆర్డరు రాసి ఏడాది దాకా లోపల పెట్టొచ్చు. భూకబ్జాదారు అన్న మాట కూడా చట్టంలో వుంది, గమనించినారా? మీ మండలంలో ఆ మాట కింద లోపలికి పోయిన పెద్దమనిషి ఎవరైనా వుంటే ఈ పత్రికకు రాయండి, అచ్చు వేస్తాం.

ఆర్డరు పడినాక పన్నెండు రోజుల్లో ప్రభుత్వం ఒప్పుకోవాలి, మూడు వారాల్లో సలహా బోర్డుకు పంపాలి, ఏడు వారాల్లో బోర్డు తన మాట చెప్పాలి. బోర్డు ముందర వకీలు మాట్లాడడానికి లేదు. నాలుగో తరగతి చదివినవాడు రిటైరైన జడ్జీల ముందర తన కేసు తనే చెప్పుకోవాలి. హైకోర్టులో హెబియస్ కార్పస్ వేస్తే అది వరసలో వస్తుంది. నేనావత్ బుజ్జి కేసు చూడండి. పేరు చూస్తేనే తండా మనిషని తెలుస్తుంది. 2023 సెప్టెంబరులో భర్త మీద ఆర్డరు పడింది. నవంబరులో తెలంగాణ హైకోర్టు పిటిషను కొట్టేసింది. ఆమె ఢిల్లీ దాకా పోయింది. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు ఆర్డరు చెల్లదని వదిలిపెట్టింది, సలహా బోర్డులు ముద్ర వేసే యంత్రాలు కాకూడదని గట్టిగా చెప్పింది. గెలిచింది. అయితే ఆరు నెలలు జైల్లోనే పోయినాయి. ఢిల్లీ దాకా పోలేనామె భర్తకు ఏడాదీ పోతుంది. గడువు అయిపోయి మనిషి ఇంటికి వచ్చినాక విచారణకు వచ్చే పిటిషను ఎవరికి?

మన వాళ్లకు దూరం ఒక శిక్ష. మన హైకోర్టు 1954లో గుంటూరు, 1956లో హైదరాబాదు, 2019 జనవరి 1 నుంచి అమరావతి. కొలిమిగుండ్ల నుంచి అక్కడికి మూడు వందల కిలోమీటర్లు. రాయలసీమకు హైకోర్టు అన్న మాట 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి వింటూనే వున్నాం. అందుకే హైకోర్టు దాకా పోకముందు చేతిలో వున్న పనులు చెప్తాను. సంఘాలు నడిపే తమ్ముళ్లు, అక్కలు శ్రద్ధగా చదవండి.

దగ్గరి మేజిస్ట్రేటు కోర్టులో చిన్న హెబియస్ కార్పస్ లాంటిది ఒకటి వుంది. పాత సీఆర్పీసీలో 97వ సెక్షను, 2024 జూలై 1 నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 100. ఎవరినైనా అక్రమంగా బంధించినారని నమ్మడానికి కారణం వుంటే మేజిస్ట్రేటు సోదా వారంటు ఇచ్చి ఆ మనిషిని తన ముందుకు తెప్పించవచ్చు. స్టేషనుకూ ఇది వర్తిస్తుంది. అమరావతి పోనక్కర్లేదు. చాలామంది వకీళ్లే దీన్ని మర్చిపోయినారు, మీరు గుర్తు చేయండి.

వకీలు ఫీజు భయం పెట్టుకోవద్దు. న్యాయ సేవల చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, కస్టడీలో వున్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు ఇవ్వాలి. 15100కు ఫోను చేయొచ్చు. పిటిషను అచ్చులో వుండాలని కూడా లేదు. 1979లో సునీల్ బాత్రా అనే ఖైదీ తీహార్ జైలు నుంచి సాటి ఖైదీని వార్డరు హింసిస్తున్నాడని ఉత్తరం రాస్తే జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తరాన్నే హెబియస్ కార్పస్ పిటిషనుగా తీసుకున్నాడు. ఒడిశాలో కొడుకు కస్టడీలో చచ్చిపోతే నీలాబతి బెహరా అనే తల్లి 1988లో రాసిందీ ఉత్తరమే. 1993లో లక్షా యాభై వేలు ఇప్పించినారు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది మాత్రం గడియారం చూడడం. నడుమ రాత్రులను కోర్టు అడగదు అన్నాను. అడిగిన రోజు కూడా మన దగ్గర ఏముంటుంది చూపడానికి? “మొన్న పొద్దుగూకేటప్పుడు తీసకపోయినారు” అంటే అక్కడ చెల్లదు. పౌరహక్కుల వాళ్లు ఆ రోజుల్లో ముందు తంతి కొట్టమనేవాళ్లు, ఎందుకంటే తంతి మీద తేదీ, గంట పడతాయి. 2013లో తంతి ఆపేసినారు. ఇప్పుడు ఫోను వుంది. జీపు వచ్చిన గంట, బండి నెంబరు, ఎంతమంది వచ్చినారు, ఎవరు చూసినారు రాసి, ఎస్పీకి, మేజిస్ట్రేటుకు, జిల్లా న్యాయ సేవల సంస్థకు వాట్సాపులోనో మెయిల్‌లోనో ఆ క్షణమే పంపండి. మరునాడు అదే కాగితాన్ని స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచిపెట్టండి. పిల్లోడు ఆదివారం దొరికినాడని వాళ్లు రాస్తే, శుక్రవారం పొద్దుటి రసీదు మీ చేతిలో వుంటుంది. 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో కెమెరాలు పెట్టాలని, తీసిన బొమ్మలు ఏడాదికి తక్కువ కాకుండా వుంచాలని చెప్పింది. ఆ గురువారం, ఆ శుక్రవారం, ఆ శనివారం బొమ్మలు చెరపకుండా వుంచమని రాతపూర్వకంగా అడగండి. కెమెరా చెడిపోయింది అంటారు. అననీయండి, అదే కాగితం మీద రాసి ఇమ్మనండి.

అరెస్టు మెమో మీద ఇంటివాళ్లో ఊళ్లో గౌరవం గల మనిషో సంతకం చేయాలన్నది 1996 డి.కె. బసు తీర్పు నుంచి వున్న రూలు, ఇప్పుడు చట్టంలోనే వుంది. ఆ అవ్వ వేలిముద్ర ఆదివారం తీసుకున్నారు. గంట దగ్గర ఖాళీ వుందంట. ఖాళీ వుంటే ముద్ర వేయొద్దు. చదువు రాకపోతే చదివి వినిపించమనాలి. వినిపించినాక గంట తప్పయితే “గురువారం సాయంత్రం తీసుకుపోయినారు” అని పక్కన రాయించి అప్పుడు ముద్ర వేయాలి. మేజిస్ట్రేటు ముందర నిలబడిన పిల్లోడు కూడా ఆ మాట నోరు తెరిచి చెప్పాలి. దెబ్బలుంటే చొక్కా విప్పి చూపాలి. పిల్లలకు మన బళ్లలో ఇది నేర్పాలి. నేను నేర్పుతున్నాను. సిలబస్‌లో లేదని హెడ్మాస్టరు అన్నాడు, రాజ్యాంగం పాఠం కింద చెప్తున్నానని చెప్పినాను.

అవ్వ మనవడు పదకొండో రోజు బెయిలు మీద వచ్చినాడు. మోటారు ఇంకా దొరకలేదు. పిటిషను ఆపలేదు మేము. మనిషి వచ్చినా సరే, గురువారం నుంచి ఆదివారం దాకా ఎక్కడున్నాడో చెప్పమని, రుదుల్ సా తీర్పు జతచేసి వేయిస్తున్నాం. వకీలు మొదట నవ్వినాడు, తర్వాత సంతకం చేసినాడు. గనిలో ఆ సాయంత్రం కూలి తీసుకున్న వాళ్లలో నలుగురు సాక్ష్యం చెప్తామన్నారు. ఒకాయన రెండో నాడు వచ్చి, యజమాని పనిలోకి రావద్దన్నాడు సారూ, నా పేరు తీసేయి అన్నాడు. తీసేసినాను. ఆయనకూ పిల్లలున్నారు. ముగ్గురు మిగిలినారు.

మీ వాడలో ఇట్లాంటిది జరిగితే రాయడానికి చెయ్యి రాకపోయినా పరవాలేదు. బడి నాలుగున్నరకు వదులుతాను. ఆ తర్వాత చీకటి పడేదాకా వరండాలోనే వుంటాను. వచ్చేటప్పుడు జీపు వచ్చిన గంట మాత్రం గుర్తు పెట్టుకొని రండి.